అబ్రార్ చీపురు

మార్కాపురంలో పెళ్లి పత్రికలు వేయించుకున్నవాళ్లలో సగం మందికి అబ్రార్ తెలుసు. మిగతా సగం మంది పత్రికల్లో తప్పులుంటాయి. ఈ మాట నేనంటే ఒప్పుకోడు గానీ వేరేవాళ్లెవరైనా అంటే తల వంచుకుని ముసిముసిగా నవ్వుకుంటాడు. అతని డీటీపీ దుకాణానికీ నా బైండింగు దుకాణానికీ మధ్య ఒకే గోడ. అతను అచ్చు తీసి ఇస్తే నేను కుట్టి, అట్ట వేసి, అంచులు కోస్తాను. నా పేరు ఆదిశేషు. అతను శేషన్నా అంటాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం ‘ఏందన్నా నీ గోల’ అంటాడు.

అబ్రార్‌కు శుభ్రం పిచ్చి. వాళ్ల నాయన లాల్ అహ్మద్ పలకల ఫ్యాక్టరీలో పనిచేసి సాయంత్రానికి తల నుంచి కాళ్ల దాకా బూడిద రంగు పొడితో ఇంటికొచ్చేవాడట. అన్నంలో, పక్క గుడ్డల్లో, పుస్తకాల మధ్యలో ఆ పొడే. అందుకేనేమో, అబ్రార్ దుకాణం తీయగానే ఊడుస్తాడు, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మళ్లీ ఊడుస్తాడు. ఆ దుమ్ము నా గుమ్మం ముందుకు వస్తుందని నేను గొణిగితే నా వైపు కూడా ఊడ్చిపెట్టి పోతాడు. కంప్యూటర్లోనూ అదే వరస. రెండు మాటల మధ్య ఒక ఖాళీ ఎక్కువైతే ఓర్చుకోలేడు.

రెండో అలవాటు ఒకటుంది. ఏ ఫైలుకూ రెండో కాపీ ఉంచడు. డీటీపీలోకి వచ్చిన కొత్తల్లో ఒక పెళ్లి పత్రికకు పాత కాపీ, దిద్దిన కాపీ రెండూ ఉంచుకుని, తెలియక పాతది అచ్చుకు పంపాడు. పెళ్లికొడుకు పేరుకు బదులు పెళ్లికొడుకు అన్న పేరు పడింది. పత్రికలు పంచేదాకా ఎవరూ చూసుకోలేదు. ఆ పెళ్లివారు దుకాణం ముందు పెట్టిన రచ్చ నేను కళ్లారా చూశాను. అప్పటినుంచి ఏది దిద్దినా అదే పేరు మీద, పాతదాని మీదే సేవ్ చేస్తాడు. పాతది ఉంటేనే కదా అచ్చుకు పోయే ప్రమాదం అంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పేందుకు నాకెప్పుడూ ఏమీ తోచలేదు.

జనం వెబ్‌సైట్ల నుంచి ఏవేవో దించుకొచ్చి ‘ఇది పుస్తకంలా వేసి పెట్టు’ అనడం మొదలైనప్పుడు అతనికి కొత్త తలనొప్పి వచ్చింది. ఆ మాటల మధ్యలో అండ్ గుర్తుతో (&) మొదలై సెమికోలన్‌తో ముగిసే ముక్కలు దొర్లుతుండేవి. ఖాళీ ఉండాల్సిన చోట ఒకటి, కొటేషన్ ఉండాల్సిన చోట ఒకటి. వెబ్ పేజీలు తమలో తాము రాసుకునే గుర్తులు అవి. వాటిని ఒక్కొక్కటే ఏరి పారేయడం విసుగుపుట్టి, యూట్యూబులో పాఠాలు చూసి, అబ్రార్ ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. అండ్ గుర్తు ఎక్కడ కనబడితే అక్కడ మొదలుపెట్టి సెమికోలన్ వచ్చేదాకా ఉన్నది తీసెయ్యి, ఫోల్డర్లో ఎన్ని ఫైళ్లుంటే అన్నిటినీ అట్లే ఊడ్చెయ్యి, అదే పేరుతో సేవ్ చెయ్యి. అంతే దాని పని. దానికి చీపురు అని పేరు పెట్టాడు. ఆ రోజు నాకు టీ తాగించి మరీ చూపించాడు. నలభై దాటాక సొంతంగా నేర్చుకుని రాసిన మొదటి ప్రోగ్రాం కదా, ఆ గర్వం ఉండాల్సిందే. ఏళ్ల తరబడి ఆ చీపురు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఎవరి మాటా పోలేదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది గ్రేస్ పెన్ డ్రైవ్ సంగతి.

గ్రేస్ వాళ్ల నాయన నిత్యానందం. పెద్దారవీడు అవతల ఒక పల్లె. మిరప కోతలకూ కంది కోతలకూ పోయే కూలి మనిషి. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని వాళ్ల చర్చి సంఘంలో బైబిలు వాక్యం చెప్పేవాడు. అబ్రార్ దుకాణం నెట్ సెంటరుగా కూడా నడిచిన రోజుల్లో ఆయన తరచూ బస్సెక్కి వచ్చేవాడు. కనిగిరిలో డేవిడ్ అనే ఆయన ఈ పడమటి పల్లెల సంఘాలన్నిటికీ కలిపి ఒక వెబ్‌సైటు పెట్టి, పెద్దలందరినీ తమ తమ సాక్ష్యాలు, అంటే తమ బతుకులో దేవుడు చేసినవాటి గురించి చెప్పుకునే మాటలు, అందులో పెట్టమని అడిగాడు. నిత్యానందానికి చదవడం వచ్చు గానీ కీబోర్డు రాదు. అందుకని కళ్లు మూసుకుని చెప్పేవాడు, అబ్రార్ టైపు చేసేవాడు. అప్పుడప్పుడూ నేను గోడ ఇవతల అట్టకు జిగురు రాస్తూ ఆ గొంతు వినేవాణ్ని. మాటలు పట్టించుకోలేదు. పక్క దుకాణంలో ఎవరో ఒకరు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు.

గ్రేస్‌కు రెండేళ్లు నిండకముందే వాళ్లమ్మ భాగ్యమ్మ చేలోనే వడదెబ్బ తగిలి చనిపోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒకటి కూడా లేదు. ఆమె ఎట్లా చనిపోయిందో ఊళ్లో ప్రతి ముసలమ్మా గ్రేస్‌కు చెప్పింది. ఎట్లా బతికిందో చెప్పినవాళ్లు లేరు. చెప్పగలిగిన నిత్యానందం ఆ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు. అలాంటి మనిషి ఒక రోజు అబ్రార్ ముందు కూర్చుని భార్య గురించి చెప్పి సైటులో పెట్టించాడు. గ్రేస్ అప్పుడు నెల్లూరులో నర్సింగు చదువుతోంది. ‘సైటులో పెట్టించినా, చదువుకో అమ్మా’ అని ఫోన్ చేశాడు. ఆ పిల్ల ఫోన్లో తెలుగు రాదు, అక్షరాలకు బదులు డబ్బాలు కనబడతాయి. తర్వాత చూద్దాంలే అనుకుంది. తెలుగు కనబడే ఫోన్ చేతికొచ్చేసరికి ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఎప్పుడైనా వాళ్ల నాయనను అడిగితే, ‘అంతా అందులోనే ఉంది గదమ్మా’ అనేవాడట. ఉంది గదా అని ఆమె కూడా ధీమాగా ఉండిపోయింది.

ఈ సంవత్సరం చలికాలంలో నిత్యానందం పోయాడు.

ఆ సంఘాలవాళ్లలో ఎవరైనా చనిపోతే కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెడతారు. ఆ రోజు పోయినవారి జీవిత చరిత్ర చదువుతారు. తెలిసినవాళ్లు లేచి నాలుగు మాటలు చెబుతారు. వీలైనవాళ్లు చిన్న పుస్తకం అచ్చు వేసి పంచుతారు. ఆ పుస్తకం కోసమే గ్రేస్ కొనకనమిట్ల ఆసుపత్రి నుంచి, డ్యూటీ దిగి చీరైనా మార్చుకోకుండా, అబ్రార్ దుకాణానికి వచ్చింది. అంచులు కోసిన కట్ట ఇవ్వడానికి నేనూ అక్కడే ఉన్నాను.

“అన్నా, మా నాయన చెప్పినవన్నీ దీంట్లో ఉన్నయ్యంట. సైటు మూసేసేటప్పుడు డేవిడన్న దించి ఇచ్చినాడు. నేను తెరిస్తే ఏం అర్థం కాలేదు, అన్నీ అంకెలే. నువ్వే టైపు చేసినావంట గదా.”

“నేనే అమ్మా. పెద్దాయన ఆ కుర్చీలోనే కూర్చునేవాడు.”

“దీంట్లో మా అమ్మ గురించి చెప్పింది ఒకటి ఉండాల. మిగతావి ఉన్నా లేకపోయినా పర్వాలేదు. అదొక్కటి మొదట్లో వెయ్యాల.”

తర్వాత ఆమె తన తల్లి సంగతీ ఫోన్లో డబ్బాల సంగతీ చెప్పింది. చెబుతున్నంతసేపూ పెన్ డ్రైవ్ మూతను తీస్తూ పెడుతూ ఉంది. అబ్రార్ ఆ పెన్ డ్రైవ్ తీసుకుని కంప్యూటరుకు పెట్టాడు. పేజీ పైన సైటు పేరుతో శీర్షిక, తేదీ చక్కగా తెలుగులో ఉన్నాయి. ఆ పై భాగాన్ని డేవిడ్ తర్వాతి కాలంలో కొత్తగా చేయించాడని మాకు అప్పుడు తెలియదు. దాని కింద మొదలైంది. ఒక అండ్ గుర్తు, పక్కన హాష్ గుర్తు (#), నాలుగంకెలు, సెమికోలన్. మళ్లీ అండ్, హాష్, నాలుగంకెలు. పేజీ పొడుగునా అదే. నేనూ వంగి చూశాను. నాకూ చెత్తలాగానే కనబడింది. ఇక్కడ అబ్రార్‌ను ఒక్కణ్నే అనడానికి నాకు నోరు రాదు.

“పాత సైటు గదా, చెత్త బాగా పట్టిందమ్మా. ఊడ్చేస్తే అసలు మాటలు బయటపడతయ్. నువ్వు పనులుంటే చూసుకొని రా, నీళ్లు తాగినంత సేపట్లో అయిపోతాది.”

ఆమె షామియానా వాళ్లతో మాట్లాడాలని వెళ్లింది. అబ్రార్ పెన్ డ్రైవ్ మీదే చీపురు నడిపాడు. రెప్పపాటులో అయిపోయింది. ఫైళ్లన్నీ అవే పేర్లతో, శుభ్రంగా. ప్రింటు పెట్టి టీ తాగడానికి నా వైపు వచ్చాడు.

టీ తాగి ఇద్దరం తిరిగి వెళ్లాం. అతను కాగితాలు తీసుకుని, “ప్రింటర్లో టోనరు పొడి అయిపోయినట్టుందన్నా” అన్నాడు. డబ్బా బయటికి తీసి అటూ ఇటూ ఊపి మళ్లీ పెట్టాడు. మళ్లీ అట్లాగే వచ్చింది. పైన శీర్షిక నల్లగా, తేదీ నల్లగా, కింద కాగితం తెల్లగా. శీర్షిక ఇంత నల్లగా పడితే టోనరు అయిపోవడం ఏమిటని నేనే అన్నాను. అప్పుడతను కళ్లజోడు పైకి తోసి కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకున్నాడు. తెల్లగా లేదు. వరసల నిండా చిన్న చిన్న కామాలు, ఫుల్‌స్టాపులు ఉన్నాయి. కొన్ని ఖాళీలు, ఒక కామా, కొన్ని ఖాళీలు, మళ్లీ ఒక కామా, ఆ తర్వాత ఫుల్‌స్టాపు. మాటలు మాత్రం లేవు.

అబ్రార్ మొహంలో రంగు మారడం నేను చూశాను. అతను ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాడు. అన్నిట్లోనూ కామాలే. ఒక్క ఫైల్లో మాత్రం కొంచెం చెత్త మిగిలింది. హాష్, అంకెలు, సెమికోలన్. అండ్ గుర్తు పోయింది గానీ అంకెలు పోలేదు. ఎందుకు పోలేదా అని అతను చాలాసేపు ఆలోచించాడు. ఆ పేజీని ఎవరో మళ్లీ మళ్లీ దిద్దారు. దిద్దినప్పుడు ఆ సైటు అండ్ గుర్తును కూడా అండ్‌తో మొదలై సెమికోలన్‌తో ముగిసే ఇంకో గుర్తుగా మార్చి దాచుకుంది. చీపురు వచ్చి పైన ఉన్న తొడుగు ఊడ్చుకుపోయింది, లోపలి అంకె మిగిలింది. నాకు ఈ వివరం అతను తర్వాత విడమరిచి చెబితే అర్థమైంది. ఆ క్షణాన అతను చేసిందల్లా, మిగిలిన ఒక అంకెకు ముందు అండ్ గుర్తు తిరిగి పెట్టి ఆ పేజీని బ్రౌజర్లో తెరవడం. ఆ అంకె 3112.

తెర మీద ‘న’ అని వచ్చింది.

“అన్నా, ఇవి అక్షరాలన్నా” అన్నాడు. “ఒక్కో అంకె ఒక్కో అక్షరం. చెత్త కాదు. నేను టైపు చేసిన మాటలే.”

ఆ రోజుల్లో తెలుగును ఆ సైటు అట్లా అంకెలుగా మార్చి దాచుకునేదట. చూసేవాళ్లకు తెలుగు, వెనకాల అంకెలు. కామాలూ ఫుల్‌స్టాపులూ ఇంగ్లీషువే కాబట్టి వాటిని మార్చాల్సిన పని లేదు, అందుకే అవి మిగిలాయి. అంకెలను అక్షరాలుగా తిప్పే ప్రోగ్రాం రాయడం చీపురు రాయడం కన్నా తేలిక. అబ్రార్ అక్కడికక్కడే రాశాడు కూడా. తొడుగున్న చోట రెండుసార్లు తిప్పాలి, అంతే తేడా. మిగిలిన ఆ ఒక్క పేజీ చక్కటి తెలుగులో తెర మీదికి వచ్చింది. అది ఉపవాస ప్రార్థన కూటం ప్రకటన. తేదీ రెండుసార్లు మారింది, చోటు ఒకసారి మారింది. అందుకే అన్నిసార్లు దిద్దించాడు పెద్దాయన. భాగ్యమ్మ అనే పేరు అందులో ఎక్కడా లేదు.

గ్రేస్ తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. అబ్రార్ దాచకుండా చెప్పాడు. మధ్యలో నేనేదో సర్ది చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆమె స్టూలు మీద కూర్చుని విన్నది. కేకలు వేస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. నర్సు ఉద్యోగం కదా, అంత తొందరగా బయటపడదు.

“అన్నీ పోయినాయా అన్నా?”

“ఒక్కటి తప్ప అన్నీ పోయినాయమ్మా.”

“మా అమ్మది కూడానా?”

అతను తల ఊపాడు. ఆమె డేవిడ్‌కు ఫోన్ చేసింది. ఆయన సైటు కాలం తీరేముందు అన్నీ దించి ఆ పెన్ డ్రైవ్‌లోకి వేసి, తన ల్యాప్‌టాప్ పాతబడితే మార్చేసుకున్నాడు. ఆయనకూ కాపీలు ఉంచుకునే అలవాటు లేదు. ఫోన్ పెట్టేసి ఆమె అబ్రార్ వైపు తిరిగింది.

“పోనీ అన్నా, టైపు చేసింది నువ్వే గదా. ఏం చెప్పినాడో నీకేమన్నా గుర్తుందా?”

అతనికి ఒక్క మాటా గుర్తు లేదు. టైపు చేసేవాళ్ల పని నాకు తెలుసు. మాట చెవిలో పడుతుంది, వేలి చివరికి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. అర్థం కోసం ఆగితే తప్పులు పడతాయి. నేనూ ఎన్నో పుస్తకాలు కుట్టాను, ఏ పుస్తకంలో ఏముందంటే చెప్పలేను. అయినా ఒక మనిషి పెళ్లాం గురించి చెబుతుంటే వినకుండా టైపు చేశాడంటే నాకు అతని మీద కోపమే వచ్చింది. గోడ ఇవతల ఉండి నేను విన్నది మాత్రం ఏముంది?

ఆ తర్వాతి రోజుల్లో అబ్రార్ చేయని ప్రయత్నం లేదు. పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేరు పెట్టి చూశాడు. ఒంగోలులో అదే పని చేసే మనిషి దగ్గరికి పెన్ డ్రైవ్ తీసుకుపోయాడు. అక్కడ దొరికింది పిల్లల పుట్టినరోజు ఫోటోలు, అవి గ్రేస్ ఎప్పుడో చెరిపేసుకున్నవి. పాత వెబ్ పేజీలు దాచే చోటు ఇంటర్నెట్లో ఒకటుంది. అక్కడ ఆ సైటు మొదటి పేజీ ఒక్కటే ఉంది, లోపలివి లేవు. దుకాణంలో పనులన్నీ అట్లాగే పడి ఉన్నాయి. పత్రికలకు వచ్చినవాళ్లు నన్ను అడుగుతున్నారు. ఒక మధ్యాహ్నం క్యారియరు తెచ్చిన అతని భార్య మహజబీన్, అతను గోడ వైపు చూస్తూ కూర్చోవడం చూసి, “క్యా హువా జీ?” అని ఏమైందో అడిగింది. అతను క్యారియరు అందుకుని పక్కన పెట్టేస్తే నా వైపు తిరిగింది.

“శేషన్నా, ఇంట్లో గూడా ఇట్లనే ఉండాడు. అన్నం ముందు పెట్టుకొని ఏందో గుర్తు తెచ్చుకుంటాడు. ఏంది గుర్తొచ్చేదంటే చెప్పడు.”

ఆమె వెళ్లాక నేనే ఉండబట్టలేక అన్నాను.

“ఆ పిల్ల తృప్తి కోసం నాలుగు మంచి మాటలు నువ్వే రాసి ఇయ్యగూడదా అబ్రారూ? మీ అమ్మ మంచిది, కష్టజీవి, నిన్ను ప్రాణంగా చూసుకున్నది అని. అబద్ధమేం గాదు గదా.”

“ఏందన్నా నీ గోల. ఆయన మాటలు ఊడ్చేసింది చాలక, ఆయన నోట్లో నా మాటలు పెట్టాల్నా?”

చీపురును అతను కంప్యూటర్లోంచి తీసేశాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎవరైనా వెబ్‌సైట్ల నుంచి దించుకొచ్చినవాటిలో ఆ గుర్తులు కనబడితే ఒక్కొక్కటే చేత్తో తీస్తున్నాడు.

ఆదరణ కూడిక రోజు పుస్తకాల కట్టలు ఆటోలో వేసుకుని ఇద్దరం వెళ్లాం. పుస్తకం పలచన. నిత్యానందం జీవితం గురించి గ్రేస్ రాసింది కొంత, ఊరివాళ్లు చెప్పింది కొంత, చివర ఆ ప్రకటన. చర్చి ముందు షామియానా కింద జనం బాగానే ఉన్నారు. పాటలయ్యాక, వాక్యం అయ్యాక, గ్రేస్ మైకు ముందుకొచ్చి ఆ ప్రకటన చదివింది. ‘కూటం మంగళవారం కాదు బుధవారం అని చెప్పినాము, ఇప్పుడు గురువారం అయినది, ఎవరూ విసుక్కోవద్దు. చాపలు ఎవరివి వారు తెచ్చుకోండి, మరచినవారు పక్కవారి చాప మీద కూర్చోండి, వారు జరుగుతారు. పసిపిల్లల తల్లులు వెనుక కూర్చోవద్దు, ముందుకు రండి. బిడ్డ ఏడిస్తే బయటికి తీసుకుపోవద్దు, ఏడవనియ్యండి, దేవునికి ఆ శబ్దం కొత్త కాదు.’

జనం నవ్వారు. అచ్చం ఆయన గొంతే అని నా వెనక ఒక ముసలామె అంది. పక్కామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక ప్రకటనలోనే మనిషి ఇంతగా ఉంటే, భార్య గురించి కళ్లు మూసుకుని చెప్పినదాంట్లో ఎంత ఉండేదో! అబ్రార్ నా పక్కన తల ఎత్తకుండా కూర్చున్నాడు. తెలిసినవాళ్లు లేచి మాట్లాడండి అని పెద్దలు అడిగినప్పుడు చాలామంది లేచారు. అతను లేవలేదు.

భోజనాలు అయ్యాక జనం పల్చబడ్డారు. గ్రేస్ మా దగ్గరికి వచ్చి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. ఆ రోజు అబ్రార్ తీసిన ప్రింట్లలో ఒకటి. దుకాణంలోంచి ఆమె ఎప్పుడు తీసుకుపోయిందో మేము చూసుకోలేదు.

“తేదీని బట్టి చూస్తే ఇదే మా అమ్మ పేజీ. నాయన నాకు ఫోన్ చేసింది కూడా ఆ వారమే. దినామూ తీసి చూస్తాండా అన్నా. యాడ ఆగినాడో తెలుస్తాంది గదా. కామాలు నువ్వు ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా పెట్టినట్టుండావు.”

“అట్లనే పెట్టేవాణ్నమ్మా.”

“మరి ఇక్కడేంది, చివర్లో ఇన్ని చుక్కలున్నయ్?”

ఆమె వేలు పెట్టిన చోట నేనూ చూశాను. కింది వరసల్లో చుక్కలు ఒకదాని పక్కన ఒకటి, వరసంతా నిండి, రెండో వరసలోకి కూడా పోయాయి. వాటి తర్వాత కొంచెం ఖాళీ, ఒక ఫుల్‌స్టాపు. అక్కడితో సరి. అబ్రార్ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేలితో ఆ చుక్కల వెంబడి పోయి, కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇది గుర్తొచ్చిందమ్మా” అన్నాడు. “ఇక్కడ ఏడ్చినాడు. కళ్లు మూసుకొనే ఉండాడు గానీ మాట రాలేదు. నేను ఏం జెయ్యాల్నో తెలియక చుక్క మీద వేలు పెట్టుకొని కూర్చున్నా.”

“తర్వాత?”

గ్రేస్ అడగకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది. అతను చెప్పేస్తాడని నాకు తెలుసు, అతని స్వభావం అంతే.

“బయట పిల్లోళ్లు హాల్ టికెట్లకు లైను కట్టినారు. కరెంటు తీసే టైము అయితాంది. ఇంకేమన్నా ఉందా పెద్దాయనా అని అడిగినా. అడిగినట్టు అడగలేదమ్మా నేను, ఇంక చాలించు అన్నట్టే అడిగినా. ఆయన కళ్లు తెరిచి, బయట లైను వంక చూసి, తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు. ఇంతే నాయనా, ఇంతే పెట్టు అన్నాడు. పెట్టినా.”

షామియానా వాళ్లు ఒక మూల తాళ్లు విప్పుతున్నారు. గ్రేస్ కాగితం తిరిగి తీసుకుంది.

“అంటే, ఇంకా చెప్పేది ఉండెనా అన్నా?”

“ఉండెనమ్మా.”

చుక్కల దాకా పోయింది చీపురుతో పోయింది. ఆ తర్వాతది, చీపురు అనేది పుట్టకముందే, టైపు కాకుండానే పోయింది. అది ఏ పెన్ డ్రైవ్‌లోనూ ఎప్పుడూ లేదు, ఎవరు వెతికినా దొరికేది కాదు. గ్రేస్ ఆ చివరి ఫుల్‌స్టాపు కింద ఉన్న ఖాళీ కాగితాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, మళ్లీ మడత పెట్టుకుంది.